తోట ఉన్నవాడు కాయ కొనడమేంటి?

మా నూజివీడులో తోట ఉన్నవాడు మామిడికాయ కొనడు. కొన్నాడంటే దానికి వేరే అర్థం ఉంటుంది. ఆ మాత్రం తెలియని మనిషి ఈ చుట్టుపక్కల ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు.

అందుకే బాపులపాడు లక్ష్మీనరసింహారావు గారబ్బాయి అభిరామ్, బస్టాండు దగ్గరున్న మా నాన్న కొట్టు ముందు బైకు ఆపి "ఒక్క రసం కాయ ఇవ్వండి" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా కొట్లో ఉన్న కాయల్లో సగం వాళ్ళ తోటవే మరి.

"ఒక్కటా?" అన్నాను.

"ఒక్కటేనండీ."

"ఏం, మీ తోట మొత్తం కోతులు తినేశాయా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు. నిదానంగా ఊపిరి వదిలి, నా కళ్ళలోకి చూసి, "కొంచెం తగ్గించి ఇస్తారా?" అన్నాడు.

ఒక్క కాయకి బేరం! మొహాన కొట్టినట్టు ఉత్తినే ఇస్తే తీసుకోలేదు. డబ్బులిచ్చే వెళ్ళాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత రోజూ రావడం మొదలుపెట్టాడు. "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది కదండీ" అనేవాడు. ఒక రోజు "మీరు భోంచేశారా?" అని కూడా అడిగాడు. ఎదురుగా పూలమ్మే సరోజక్క కళ్ళు ఇంతింత చేసుకుని చూసేది.

"ఆ అబ్బాయి కన్ను కాయ మీద లేదే యోగితా" అంది ఒకసారి.

"నీ కన్ను నీ పూల మీద పెట్టుకో అక్కా" అన్నాను కానీ, లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. భోంచేశారా అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. అతను రావడం ఆలస్యమైతే వచ్చినవాళ్ళందరి మీదా విసుక్కునేదాన్ని.

కాయలు తగ్గుముఖం పట్టాయి. అతను మాత్రం నోరు విప్పి అసలు మాట చెప్పడు. ఒక సాయంత్రం సన్నగా చినుకులు మొదలైతే టార్పాలిన్ కిందికి వచ్చి నిలబడ్డాడు. ఇక ఊరుకోలేకపోయాను.

"సూటిగా అడుగుతున్నాను. రోజూ ఎందుకొస్తున్నారు?"

"మీకు అబద్ధం చెప్పలేనండీ. నలుగురిలో మాట్లాడాలంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. చెమటలు పట్టేస్తాయి, నాలుక తిరగదు. విజయవాడలో పుష్పావతి గారని కౌన్సిలర్ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడే హోంవర్క్ ఇచ్చారు."

"ఏం హోంవర్కు?"

"భయాల్ని మెట్లుగా పేర్చుకోవాలి. చిన్నదానితో మొదలుపెట్టి ఒక్కోటీ ఎక్కాలి. భయమేసినా పారిపోకుండా అక్కడే నిలబడితే, అదే మెల్లిగా తగ్గుతుంది. కొట్టుకెళ్ళి ఒక వస్తువు అడగడం, బేరమాడడం, కళ్ళలోకి చూసి మాట్లాడడం..."

అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే నేనొక మెట్టునా? ఎన్నో మెట్టు?"

"మందుల షాపు తర్వాతండీ" అన్నాడు, ఎంతో నిజాయితీగా.

"మరి భోంచేశారా అన్నావే?"

"అది పుష్పావతి గారితో ముందే ప్రాక్టీస్ చేశానండీ. ఆవిడ కొట్లో అమ్మాయిలా కూర్చుంటే నేను..."

"చాలు! నా దగ్గర మాట్లాడే మాటలు ఇంకో ఆవిడ దగ్గర రిహార్సల్ చేసొచ్చావా? నేనేమైనా నీ ల్యాబ్‌లో కప్పనా? రేపట్నుంచి ఇటు రాకు!"

అతను ఏదో చెప్పబోయాడు. నేను మొహం తిప్పేసుకున్నాను. వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఏడ్చాను. ఏడుస్తూ తిట్టుకున్నాను. మర్నాడు అంతకన్నా మండిపోయే సంగతి జరిగింది. సరోజక్క అంతా వినేసిందట. మధ్యాహ్నానికల్లా బస్టాండు మొత్తం ఒకటే మాట: అభిరామ్‌కి పిచ్చట, మందులు వాడుతున్నాడట.

"పీడ వదిలింది. బుర్ర బాగోలేనివాడట కదా" అన్నాడు మా నాన్న పాండురంగారావు, బుట్టలో గడ్డి సర్దుతూ.

"నాన్నా, నీ మోకాలు వంగకపోతే ఫిజియోథెరపీకి వెళ్ళావా లేదా?"

"వెళ్ళాను."

"నొప్పెట్టినా రోజూ కాస్త కాస్త వంచమన్నారు. వంచావు. నిన్నెవరైనా కుంటోడన్నారా? అతను చేసేదీ అదే. భయమేసినా వచ్చి రోజూ నిలబడ్డాడు. నువ్వైతే ఇంజెక్షన్ చూసి ఆసుపత్రిలోంచి పారిపోయొచ్చావు!"

నాన్న నావైపు అదోలా చూశాడు. అతన్ని నేను తిట్టొచ్చు. ఆ హక్కు నాకుంది. ఊరికెక్కడిది?

ఆదివారం సంతరోజు అభిరామ్ వచ్చాడు. రోడ్డు నిండా జనం. వాన జోరుగా పడుతోంది. తడిసి ముద్దయి కొట్టు ముందు నిలబడ్డాడు. అటు ఆటోవాళ్ళు, ఇటు పూలకొట్టు, అందరి కళ్ళూ అతని మీదే.

"బాబూ, నీకేదో జబ్బంటున్నారు" అన్నాడు నాన్న.

"భయమండీ. తగ్గించుకోవడం నేర్చుకుంటున్నాను." చేతులు వణుకుతున్నాయి, అందరికీ కనపడేలా వణుకుతున్నాయి. దాచుకోలేదు. నావైపు తిరిగాడు. "యోగిత గారూ, మీ కొట్టు మెట్టు ఎప్పుడో అయిపోయింది. మేడమ్ గారు తర్వాతది మొదలుపెట్టమన్నారు. నేనే వెళ్ళలేదు. ఇక్కడికే వచ్చాను."

"ఎందుకు?"

"ఇప్పుడు చెప్పేది ఎవరితోనూ ప్రాక్టీస్ చెయ్యలేదండీ. అందుకే... అందుకే కొంచెం..."

ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రాదు. ఆటోల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నేను కళ్ళెర్రజేసి చూస్తే నోరు మూసుకున్నారు. ఆ మాట నేనే అందించేద్దామనిపించింది. అందించలేదు. అది అతని మాట, అతనే చెప్పాలి.

"మీరంటే నాకు ఇష్టం" అన్నాడు. "భయం తగ్గాక చెబుదామనుకున్నాను. తగ్గలేదు. అయినా చెప్పేశాను."

నాన్న గబగబా స్టూలు జరిపాడు. "కూర్చో బాబూ, ఎంతసేపు తడుస్తావు."

"వద్దండీ. ఆవిడ ఏమంటారో నిలబడే వింటాను."

అందరూ నావైపు తిరిగారు. నాన్న నీ ఇష్టం అన్నట్టు తలూపాడు. ఊళ్ళో ఎవరితోనైనా వాదించగలిగే నాకు నోరెండిపోయింది. అతను తొందరపెట్టలేదు. వానలో తడుస్తూ అలాగే నిలబడ్డాడు.

"నాకూ ఇష్టమే" అన్నాను చివరికి, నాకే వినపడనంత చిన్నగా.

"ఏమందే? ఏమందిరా?" అని పూల బుట్టలు దాటుకుని రోడ్డు మధ్యకి వచ్చేసింది సరోజక్క.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"ఇష్టమే అన్నాను అక్కా! పెళ్ళి చేసుకుంటానన్నాను! సరిగ్గా విన్నావా? వెళ్ళి ఊరంతా ఇది చెప్పు!"