మూడో అద్దంలో ఎర్రమొహం

ఫెన్ నది పక్కనున్న మా పాత నాటకశాలలో, వేషాల గదిలో ఆరు అద్దాలుండేవి. మూడోదాని ముందు ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. చీకటి పడితే అందులో ఎర్రమొహం కనిపిస్తుందని చెప్పుకునేవాళ్లు. నేను నవ్వి కొట్టిపారేసేదాన్నిగానీ, ఊడ్చేటప్పుడు ఆ మూల వదిలేసేదాన్ని.

చియావ్ గురువుగారు చనిపోయింది అక్కడే. అరవై ఏడులో, విప్లవం పేరుతో చేతులకి ఎర్రపట్టీలు కట్టుకున్న కుర్రాళ్లు పాత నాటకాలన్నీ తగలబెట్టాలని మీదపడ్డారు. వాళ్ల అరుపులు వినగానే ఆయన ఆ అద్దం ముందు కూర్చుని, యుద్ధదేవుడు క్వాన్ గోంగ్ ఎర్రరంగు మొహానికి పూసుకున్నారు. ఆ రంగు పడ్డాక మనిషి మనిషి కాడు, దేవుడే. తుడుచుకునేదాకా తెర వెనక పెదవి విప్పకూడదు — మా వాళ్ల నియమం అది.

నలభై నాటకాల రాతప్రతులున్న పెట్టె ఎక్కడని అడిగారు. బెల్టు బిళ్లలతో కొట్టారు. వేళ్లు ఒక్కొక్కటే విరిచారు. చివరికి ఎవడో ఇనపకడ్డీతో తల పగలగొట్టాడు... అయినా ఆయన నోట మాట రాలేదు. రంగేదో రక్తమేదో తెలీకుండా పోయింది. ఆ దెబ్బ ఎవడిదో తేలలేదు. పెట్టె కూడా దొరకలేదు.

పన్నెండేళ్లకి నాటకశాల మళ్లీ తెరిచారు. గురువుగారి శిష్యుడు పెయ్ ష్వాంగ్‌షీకి నోటికొచ్చినవి మూడే నాటకాలు. వసంతంలోగా ఇంకేమీ చూపించకపోతే ధాన్యం గోదాము చేసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు. పెయ్‌కి తిండి సహించడం మానేసింది, పాపం.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి జరిగిన సంగతి ఇది, పెయ్ చెప్పగా విన్నదే.

తాలీము ముగిసి అందరూ వెళ్లిపోయారు. పెయ్ ఎర్రరంగుతోనే మూడో అద్దం ముందు ఒక్కడూ కూర్చున్నాడు. కాపలావాడు కాంగ్ తషెంగ్ తప్పతాగి, లాంతరు పట్టుకుని తూలుతూ వచ్చాడు. అద్దంలో మొహం చూశాడు...

లాంతరు చేజారి పగిలింది. గుమ్మం అవతల దీపం ఒక్కటే మిగిలింది.

"వచ్చేశారా గురువుగారూ..." అని గొణిగి, మోకాళ్లమీద కూలబడ్డాడు.

పెయ్ కదల్లేదు.

"కడ్డీతో కొట్టింది నేనే. పంతొమ్మిదేళ్లు నాకప్పుడు. కొట్టకపోతే పిరికిపందవంటారని..." అంటూ నుదురు నేలకేసి కొట్టుకున్నాడు — ఒకసారి, మళ్లీ ఒకసారి. కింద పరిచినవి రాతిపలకలు.

"పెట్టె నాకే దొరికింది. కాల్చడానికి చెయ్యి రాలేదండీ. బొగ్గుల కొట్టు గోడలో దాచి ఇటుకలు పేర్చేశాను. తీసేసుకోండి. చాలు అనండి, గురువుగారూ... ఒక్కమాట. ఆపేస్తాను."

అద్దంలో మొహం అలాగే చూస్తోంది.

"చాలు అనండి..." చర్మం చిట్లింది. "అనండి..." పలక తడిసి నుదురు జారుతుంటే, చేతులతో పట్టు చిక్కించుకుని మరీ కొట్టుకున్నాడట. ఎముక విరిగిన చప్పుడు కూడా వినపడిందని పెయ్ చెప్పాడు. ఆ తర్వాత అడగడం ఆగిపోయింది.

పొద్దున నేను వెళ్లేసరికి బొగ్గుల కొట్టు గోడ పగిలి ఉంది. పెయ్ మొహం కడుక్కుని, పెట్టె ముందు కూర్చుని మొదటి నాటకం చదువుతున్నాడు. కాంగ్ అద్దం కింద చల్లబడిపోయి ఉన్నాడు.

"నోరు విప్పితే నియమం తప్పినట్టే కదా అక్కా," అన్నాడు పెయ్, కాగితం మీంచి తల ఎత్తకుండా.

గురువుకి తగ్గ శిష్యుడని ఊరంతా మెచ్చుకుంది. నాటకశాల నిలబడింది. ఆ నలభై నాటకాలూ ఇప్పటికీ ఆడుతున్నారు, నేనూ చూస్తాను, ఏడుస్తాను కూడా.

కానీ ఆ తెర వెనక ముప్పై ఏళ్లు టీ కాచింది నేను. మొహానికి ఎర్రరంగు పూసుకుని వచ్చి, "అక్కా, ఇంకాస్త వేడిగా పొయ్యి," అని పెయ్ నన్ను అడగని రోజు, ఆ రాత్రికి ముందుగానీ తర్వాతగానీ, ఒక్కటి కూడా లేదు.