నలభై రెండో మెట్టు

ముప్పై ఒకటో మెట్టు మీద మోకాళ్ళూని, గుంటలో నిలిచిన నీటిని గుడ్డతో అద్ది తీస్తోంది ఆమె. రెండు వందల ఏళ్ళుగా జనం ఎక్కీ దిగీ ప్రతి రాతిమెట్టూ నడిమధ్యన పళ్ళెంలా అరిగిపోయింది. వాన పడితే పైకప్పు సందుల్లోంచి కారిన నీళ్ళు అక్కడే నిలుస్తాయి. తాతయ్యను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి దించాలి కాబట్టి, ప్రతి మంగళవారం, శుక్రవారం తెల్లారేసరికి నలభై రెండు మెట్లూ పొడిగా ఉండాలి.

అది అయ్యాక ఆసుపత్రి. ఆ తర్వాత కళ్ళద్దాల దుకాణంలో సాయంత్రం దాకా ఆవగింజంత మరలు బిగించడం. నిద్ర సంగతి ఎవరూ అడగకపోతేనే మంచిది.

ఏడు నెలల కిందట అంబులెన్సు అబ్బాయి మొదటిసారి వచ్చిన రోజున మెట్లు ఇంత పొడిగా లేవు.

"ఈ నీళ్ళు పోసిందెవరండీ?" అన్నాడు వస్తూనే.

"వాన."

"తుడవొచ్చు కదా?"

"మీరు మోయడానికొచ్చారా, ఇన్‌స్పెక్షన్‌కొచ్చారా?"

అప్పటికే కుర్చీలో బెల్టు కట్టించుకుని కూర్చున్న తాతయ్య, "ముందు నన్ను దింపండి. తర్వాత తీరిగ్గా కొట్టుకుందురుగాని" అన్నాడు.

మరుసటిసారి అతను వచ్చేసరికి మెట్లు తళతళలాడుతున్నాయి. అతను వీధి గుమ్మంలోనే ఆగి, బూట్ల అడుగులు రెండూ గోనెపట్టా మీద గట్టిగా రుద్దుకుని మరీ ఎక్కాడు. ఆమె అది పైనుంచి చూసింది.

ఆ వీధి మొత్తం పాతదే. ఇళ్ళకు చెక్క బాల్కనీలు, తలుపులకు ఇత్తడి పిడులు. సెలవు రోజుల్లో జనం వచ్చి ఫొటోలు తీసుకుంటారు. ఇల్లు పురాతన కట్టడం కాబట్టి లిఫ్టు పెట్టడానికి వీల్లేదని పురావస్తు ఆఫీసు వాళ్ళు రాసి పంపారు. పట్టుకోవడానికి ఇనుప కమ్మీ అయినా బిగించుకుంటామంటే, గోడకు మేకు కూడా కొట్టకూడదన్నారు.

"నేనూ పురాతనమే. నాకూ ఓ బోర్డు తగిలించమను. ఎవరూ కదపకుండా ఉంటారు" అన్నాడు తాతయ్య.

కుర్చీని పైవైపు బాబాయ్ పట్టుకునేవాడు. అతను ఎవరికీ బాబాయ్ కాదు, అంబులెన్సులో అందరికంటే పెద్దవాడు, అంతే. కిందివైపు అబ్బాయి. తాతయ్యకు ఎదురుగా తిరిగి, వెనక్కి వెనక్కి దిగాలి. వెనక ఏముందో కనబడదు కాబట్టి ఇంట్లో ఒకరు అతని వీపు మీద చెయ్యి ఆనించి, మెట్లు లెక్కపెడుతూ ముందు దిగాలి. అమ్మ బట్టల కొట్లో రోజంతా నిలబడే ఉద్యోగానికి పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఇక మిగిలింది ఆమే.

"పది... పదకొండు... మలుపు."

"తిన్నారా?" అనేవాడు అతను.

"ఎవర్నిరా అడిగేది?" అనేవాడు తాతయ్య.

"మిమ్మల్నే తాతగారూ."

"నేను తింటుంటే ఎదురుగా నిలబడి చూశావు కదరా!"

వెనక ఆమె నవ్వేది. ఆ నవ్వు అతనికి కనబడదు. చెవులు మాత్రం ఎర్రబడేవి. అవి ఆమెకు కనబడేవి.

అలా ఏడు నెలలు. పన్నెండో మెట్టు దగ్గర వాన సంగతి, ఇరవయ్యో మెట్టు దగ్గర దుకాణం సంగతి, ముప్పై దాటాక ఉత్త అంకెలే. కింద తాతయ్యతో ఆమె వెనక, వాళ్ళిద్దరూ ముందు సీట్లో ఎక్కి, బండి తలుపు పడగానే అంతా అయిపోయేది. తిరిగొచ్చేటప్పుడు వేరే షిఫ్టు వాళ్ళు ఎక్కించేవారు.

ఒక శుక్రవారం ఆమె మూడు రోజులుగా సరిగా పడుకోలేదు. తాతయ్యకు ఒకటే ఆయాసం. కళ్ళు మండుతున్నాయి. నోరు దానంతట అదే లెక్కపెడుతోంది. నలభై ఒకటి అయ్యాక, "అయిపోయాయి" అంది.

అతను నేల మీద పెట్టినట్టు అడుగు పెట్టాడు. అక్కడ నేల లేదు, ఇంకో మెట్టు ఉంది. చీలమండ మడత పడింది. కుర్చీ మాత్రం ఒరగలేదు. బరువంతా మోకాలి మీద తీసుకుని అలాగే ఉండిపోయాడు.

"తాతగారికి ఏం కాలేదు కదా?" అని ఒక్కటే అడిగాడు, పళ్ళు బిగబట్టి.

మంగళవారం వేరే మనిషి వచ్చాడు. వీపు మీద చెయ్యి పెట్టబోతే, "తియ్యండి మేడమ్, నాకు చక్కిలిగింతలు" అన్నాడు.

"కాలెలా ఉంది అతనికి?" అని బాబాయ్‌ని అడిగింది.

"ఉంది" అన్నాడు బాబాయ్.

కోపంగా ఉన్నాడా అని అడగాలనుకుంది. మూడు వారాలు, ఆరుసార్లు అనుకుంది. ఆరుసార్లూ బండి తలుపు పడింది.

మూడో వారంలో అమ్మ ఒక కాగితం తెచ్చింది. ఏటి అవతల కొత్త అపార్ట్‌మెంట్లు. శనివారం మధ్యాహ్నంలోగా సంతకం పెట్టి ఇస్తే మూడో అంతస్తులో ఫ్లాటు అద్దెకిస్తారు.

"లిఫ్టులో మంచం కూడా పడుతుందట! తోసుకుంటూ బండి దాకా వెళ్ళిపోవచ్చు. మోసేవాళ్ళ కోసం కాచుకుని కూర్చునే పని లేదు. నీ పేరు కూడా రాయాలి, ఏమంటావే?"

ఆమె ఒళ్ళంతా సరే అంటోంది. నడుము, మోకాళ్ళు, కళ్ళు, అన్నీ. లిఫ్టుంటే కుర్చీ అక్కర్లేదు. కుర్చీ అక్కర్లేకపోతే అతను ఇక రాడు. అక్కడికి వచ్చి ఆలోచన ఆగిపోయేది.

శనివారం కూడా ఆమె ఏదీ తేల్చుకోలేక బల్ల దగ్గర నిలబడి ఉంది. అమ్మ పెన్ను పట్టుకుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. మెట్ల మీద ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా పడుతున్న చప్పుడు. తలుపు తీస్తే అతను. యూనిఫామ్ లేదు, కుర్చీ లేదు, వెనక బాబాయ్ లేడు.

"ఇవాళ శనివారం కదా బాబూ? రోజు మరిచిపోయావా?" అంది అమ్మ.

"లేదండీ. ఊరికే వచ్చాను."

ఆమెకు మొదట వచ్చిన మాటే అనేసింది. "లెక్క తప్పింది నేను. నేనే వచ్చి అడగాల్సింది."

"ఇంకో మెట్టుందని నాకు తెలుసు."

"ఏంటి?"

"ఏడు నెలలు దిగాను కదా. ఒక నెల అయ్యాక మీ లెక్కతో నాకు పని లేకుండా పోయింది."

"మరి ప్రతిసారీ ఎందుకు లెక్కపెట్టించారు?"

అతను చెవులు ఎర్రబడి కిటికీ వైపు చూశాడు.

"సరే, తెలిసినవాళ్ళు ఎలా పడ్డారు?"

"మీరు అయిపోయాయన్నారు కదా. నేనే తప్పు లెక్కపెట్టుకున్నానేమో అనుకున్నాను."

మంచం మీంచి తాతయ్య గొంతు వినబడింది. "ఒరేయ్! మధ్యలో నన్ను కూర్చోబెట్టి ఇదా మీరు చేసిన పని!"

ఆమె నవ్వలేకపోయింది. బల్ల మీది కాగితం చూపించింది. "మేం వెళ్ళిపోతున్నామేమో. ఏటి అవతలికి. లిఫ్టుంది."

"వెళ్ళండి" అన్నాడు అతను వెంటనే.

"అంత బరువైపోయామా?"

"అది కాదండీ. ఏడు నెలలుగా మాట్లాడేది మీతో, చూసేది తాతగారి మొహం. ఎన్నాళ్ళని చూడను?"

"నా మొహానికేం తక్కువ?" అన్నాడు తాతయ్య.

"ఏం తక్కువ లేదు తాతగారూ." అతను ఆమె వైపే తిరిగి ఉన్నాడు. "మీరు ఈ మెట్లు తుడవడం మానేసి ఆ కాసేపూ పడుకోండి. పడుకుని లేచాక, ఏ రోజైనా సరే, నేను వస్తాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. అక్కడ మెట్లు లేకపోయినా నాకు దారి దొరుకుతుంది."

ఆమె అతన్ని పూర్తిగా చూడడం అదే మొదటిసారి. కళ్ళ కింద తనకున్నట్టే నలుపు. గడ్డం దగ్గర చిన్న మచ్చ.

"నాకు చాలా అలసటగా ఉంది" అంది. ఆ మాట ఆమె ఇంతవరకూ అమ్మతో అనలేదు, తాతయ్యతో అనలేదు.

"తెలుసు. వీపు మీద మీ చెయ్యి రోజుకో బరువుండేది. ఆ శుక్రవారం మరీ బరువుగా ఉంది. ఆగుదామని నేనే అనాల్సింది."

కుర్చీ ఒకటి లాగి ఆమె పక్కన పెట్టాడు. ఆమె కూర్చుంది. పొద్దుట్నుంచీ కూర్చోవడం అదే మొదలు.

"నా పేరు రాసెయ్యమ్మా" అంది.

అమ్మ రాసింది. కాగితాన్ని రెండు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. చెప్పులు తొడుక్కుంది. స్టవ్వు కట్టేశావా, మందులు ఇచ్చావా, తలుపు వేసుకో అంటూ గడపలోనే పావుగంట నిలబడే మనిషి. వాళ్ళిద్దరి వంకా ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా లాగి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది.