గుండు కూర్చునే తీరు

సృజన పొయ్యి మీద టీ పెట్టిందో లేదో, పెరట్లోంచి గుండు అరిచింది. గుండు ఆ ఇంటి పిల్లి. తలకు అతుక్కుపోయినట్టుండే దాని మడత చెవులు చూసి మురిసిపోయి సృజన దాన్ని హైదరాబాద్ నుంచి కొని తెచ్చింది. గోడకు వీపు ఆనించి, కాళ్లు ముందుకు చాపి అది మనిషిలా కూర్చుంటే కరీంనగర్‌లోని ఆ వాడకట్టంతా వచ్చి నవ్వుకుంటూ ఫొటోలు తీసుకునేది. నవ్వనిది అత్త ఐలవ్వ ఒక్కతే.

ఈమధ్య గుండు కుంటుతోంది. మంచం ఎక్కడం మానేసింది. తెల్లటి కాళ్ల మీద పచ్చటి మరకలు. సృజన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఐలవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొస్తుంది. ఏం చేస్తున్నావంటే "ఏం లే" అంటుంది. పిల్లిని తెచ్చిన రోజే మూతి తిప్పిన మనిషాయె! అనుమానం లోపల పడ్డాక ఊరుకుంటుందా? అత్త చేతిలో చీపురు కనిపించినా సృజన పిల్లిని ఎత్తుకుని లోపలికి పోయేది.

ఇప్పుడు ఆ అరుపు వినగానే చప్పుడు చేయకుండా వెళ్లి పెరటి తలుపు సందులోంచి చూసింది. ఐలవ్వ పిల్లి వెనక కాలు గట్టిగా పట్టుకుంది. గుండు గింజుకుంటోంది.

"దొరికినవ్ అత్తమ్మా! నోరులేని జీవిని గిట్ల సతాయిస్తవా?"

ఐలవ్వ చేతిలోనిదేదో కొంగు చాటుకు తోసింది. "నేనేం జెయ్యలే బిడ్డా."

"మరేం దాస్తున్నవ్?"

కేకలకు భర్త హరీష్ పరుగెత్తుకొచ్చాడు. "అవ్వ గసొంటిది కాదు సృజనా."

"డాక్టర్‌నే అడుగుదాం పా. దెబ్బలని తేలితే అత్తమ్మ నస్పూర్‌ల బావ ఇంటికి పోవాలె. లేకుంటె నేనే పోత."

ఐలవ్వ లోపలికి వెళ్లి చీరలు సంచిలో సర్దుకుంది.

పశువుల డాక్టర్ ఎక్స్‌రే చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎవ్వరు కొట్టలేదమ్మా. ఈ జాతికి పుట్టుకతోనే వస్తది. ఏ లోపంతోని చెవులు మడతపడ్డయో, గదే కీళ్లల్ల గూడ ఉంటది. ముద్దుగ కూసుంటదనుకుంటం గని, నొప్పికి ఆగలేక కాళ్లు సాపుతది. పూర్తిగ పోదు. నొప్పి తగ్గేటందుకు మందిస్త."

"మరి గీ పచ్చ మరకలేంది సార్?"

ఆయన వాసన చూశాడు. "వావిలాకు. కీళ్ల నొప్పులకని ఎవరో కాపడం పెడుతుండ్రు. మంచి మనసే గని, ఇగ వద్దనుండ్రి. పిల్లి నాకుతది."

అత్త కొంగు చాటుకు తోసిందేమిటో సృజనకు అప్పుడర్థమైంది.

ఇంటికొచ్చేసరికి ఐలవ్వ వరండాలో సంచి పక్కన పెట్టుకుని ఉంది. గోడకు వీపు ఆనించి, కాళ్లు ముందుకు చాపుకుని. అచ్చం గుండులాగే.

"చెప్పొచ్చు గద అత్తమ్మా?"

"ఏమని జెప్పాలె? పిల్లికి వైద్యమా అని నవ్వుతరనుకున్న. అది కాళ్లు సాపి కూసుంటె గూడ మీరంత నవ్వితిరి. మోకాళ్లు గుంజితెనే గట్ల కూసుంటరు బిడ్డా. నాకెరుకే గద."

పెళ్లయి ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ అత్త అలాగే కూర్చుంటోంది. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో సృజన కళ్లు నిండిపోయాయి. హరీష్ సంచి తీసి లోపల పెట్టాడు. సృజన అత్త కొంగు చాటున ఉన్న వావిలాకు మూట తీసుకుని, వేడి చేసుకొచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఏ మోకాలు నొస్తుంది అత్తమ్మా?"

"రెండు," అంది ఐలవ్వ.