ఏడు పూతల పెయింటు

నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. ఒత్తులు తప్పుంటాయి, రాసేదీ నిదానమే. మన్నించి చదవండి.

నంగలి దారిలోని మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో శశికుమార్ ఎలక్ట్రీషియన్. బంగారు గనులు మూసినాక అక్కడినుంచి కొనుక్కొచ్చిన పాత బ్రేకర్ ప్యానెల్‌ను ఏడేళ్లుగా అతనే చూసుకుంటున్నాడు. దాన్ని పరీక్షించడానికి ములబాగల్ నుంచి టెస్టింగ్ ఇంజనీరు నేత్ర వచ్చింది. వచ్చిన రోజే ఫెయిల్ అంది.

ఎక్కడైనా ఫాల్ట్ వస్తే బ్రేకర్ రెప్పపాటులో కరెంటు తెంచాలి. ఇదేమో ఆవులించి, ఒళ్లు విరుచుకుని తెంచుతోందట. రిపోర్టు అలాగే వెళ్తే ఓనరు కొత్త ప్యానెల్ తెస్తాడు. దాన్ని చూసుకోవడానికి అమ్మినవాళ్ల మనుషులే వస్తారు. శశికుమార్‌కు ఇంక పని ఉండదు.

పండ్ల సీజను కాబట్టి అరగంటకు మించి కరెంటు ఆపనివ్వరు. ఆ టైములో కొలిచి, పైకి అందేవి మార్చడమే తప్ప లోపలంతా విప్పడం కుదరదు. రెండోసారికి అతను ఆయిలు మార్చాడు. ఫెయిల్. మూడోసారికి స్ప్రింగు మార్చాడు. ఫెయిల్. వానలో తడిసొచ్చిన మనిషికి తువ్వాలిచ్చి మరీ ఫెయిల్ అనిపించుకున్నానే అని అతనికి ఒళ్లు మండింది. ఆమె ఆ తువ్వాలుతో ముందు మీటరు తుడిచింది, తర్వాత జుట్టు. అది చూసి ఇంకా మండింది. చూపు మాత్రం తిప్పుకోలేకపోయాడు.

"మేడం, నేను దీన్ని ఒక్క ఏడాదీ వదల్లే. ప్రతి ఆయుధపూజకీ కడిగి, పెయింటేసి, బొట్టు పెట్టినాను. ఇంగ ఏం చేయాల?"

నేత్ర రాసే పెన్ను ఆపింది. "పెయింటు యాడేసినావప్పా?"

"అంతా. లోపల కూడా. పూజంటే సగం సగం చేస్తారా?"

ఆమె నుదురు కొట్టుకుంది. ఓనరుతో పోట్లాడి కరెంటు ఆపించి, ఎర్త్ చేయించి, తలుపు తీసింది. బ్రేకర్‌ను విడిచే చిన్న గొళ్లెం మీద ఏడు పూతల పెయింటు పెచ్చుకట్టి ఉంది. దానిమీద భద్రంగా కుంకుమ బొట్టు.

మధ్యాహ్నమంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గీకారు. ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషిని తానెక్కడా చూడలేదనీ, ఆ శ్రద్ధే దాని గొంతు పట్టుకుందనీ నేత్ర చెబుతూనే ఉంది. అది తిట్టో మెచ్చుకోలో తేలక అతను గీకుతూనే ఉన్నాడు.

సాయంత్రం టెస్టు పెట్టారు. టప్పున విడిచింది. పాస్.

రిపోర్టు చూస్తే, ప్యానెల్‌కు వయసైందనీ, నెలనెలా పరీక్షిస్తూ వాడవచ్చనీ ఉంది. శశికుమార్‌కు మళ్లీ చిరాకెత్తింది. "నెలనెలా ఎవరొస్తారు?"

"నేనే." నేత్ర గొడుగు విప్పుతూ అతని వైపు చూడలేదు. "రూలు ప్రకారం ఏడాదికొకసారి చాలు. నెలనెలా అని నేనే రాసుకున్నాను."

"ఆ మాట మొదటి రోజే చెప్పుంటే అంత ఆయిలు మార్చేవాణ్ణి కాదు కదా, నేత్రా."

మేడం అనే మాట ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియలేదు. ఆమెకు తెలిసింది.

అయిదో పరీక్షకల్లా పెద్దలు పెళ్లికి ఒప్పుకున్నారు. మరుసటి ఏడు ఆయుధపూజకు బొట్టు తలుపు మీదే పెట్టారు. పెయింటు డబ్బాను నా కోడలు బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

తాయమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడుండేది కామసముద్రంలో.