ఎల్లా మార్గరెట్ బయల్దేరిన సోమవారం

"పదకొండున్నరకి పోటు. ఆ పోటుమీదే 'ఎల్లా మార్గరెట్' ట్రాలర్ రేవు దాటాలి. అందులో ఇరవై మంది జాలర్లు, వాళ్ళెవరికీ తెలియని మన పెట్టె ఒకటి. ఉత్తర సముద్రాల్లో రష్యావాళ్ళ రేడియో మాటల్ని పట్టేది ఆ పెట్టే. దాని సంగతి శత్రువులకి పొక్కిందని కబురొచ్చింది."

కమాండర్ ఫెయిర్లీ, ఇంగ్లండ్ రేవుపట్నం హల్‌లో, స్టేషన్ హోటల్లో కాల్చిన చేప తింటూ ఈ మాటలన్నాడు. ఎదురుగా ఉన్న ఏజెంట్ క్లిఫ్ స్టాథర్స్‌ని కూర్చోమని కూడా అనలేదు.

"నా పని?"

"ఓడలో రేడియో ఆపరేటర్ రాన్ బ్లాంచార్డ్. వాడి భార్య డెనీస్ మన మనిషి. వాడిమీద కన్నేసి ఉంచడానికే పెళ్ళి చేసుకుంది. ఏడాదిన్నరైంది. ఇన్సూరెన్స్ ఏజెంటులా వెళ్ళు. 'పైకప్పు కారుతోందా?' అని అడుగు. 'వంటింట్లో మాత్రమే' అంటే ఓడ క్షేమం. నువ్వు ఈ ఊరివాడివేగా?"

"హెజిల్ రోడ్డువాణ్ణి."

"అయితే ఆ చేపల కంపు నీకు అలవాటే."

క్లిఫ్ పళ్ళు బిగించి బయటికొచ్చాడు. దొంగ మీసం, సాదా అద్దాల కళ్ళజోడు, అడుగున పిస్టల్ దాచిన తోలు సంచి. లండన్ నిపుణులు గంటసేపు శ్రమపడి చేసిన వేషం అది.

సోమవారం ఇంగ్లండంతా బట్టలుతుకుతుంది. హెజిల్ రోడ్డు సందుల్లో కూడా పెరటి దండేలు నిండుగా ఉన్నాయి. ఎల్లా మార్గరెట్ మనుషుల ఇళ్ళ దండేలు మాత్రం బోసిగా ఉన్నాయి. మగవాడు సముద్రానికి బయల్దేరే రోజు ఇంట్లో బట్టలుతికితే, అతన్ని అలల్లోకి ఉతికేసినట్టేనని ఈ వీధి నమ్మకం.

డెనీస్ తలుపు తీసింది. ఎర్రటి లిప్‌స్టిక్, సినిమా తారలాంటి నడుం, చేతిలో సిగరెట్.

"పైకప్పు కారుతోందా మేడమ్?"

"వంటింట్లో మాత్రమే."

ఆమె నవ్వి తలుపేసింది. అంతా సవ్యం. క్లిఫ్ వెనక సందులోకి తిరిగాడో లేదో, పక్కింటి పెరట్లోంచి, అతన్ని చిన్నప్పట్నుంచీ ఎరిగిన నెల్లీ అత్త గొంతు ఖంగుమంది.

"ఒరేయ్ క్లిఫ్! మూతికి ఆ బొచ్చేంట్రా?"

"మెల్లగా అత్తా!"

"మెల్లగా ఏంట్రా! చూశావా దాని పెరడు? మొగుడు ఇవాళ ఓడెక్కుతుంటే బట్టలుతికింది, దరిద్రపుది!"

"కొత్తమనిషి కదా, తెలీదేమో."

"తెలీకపోవడమేంటి? ఏడాదిన్నరగా చూస్తున్నా. వాడు బయల్దేరే రోజున చేతిరుమాలు కూడా తడిపేది కాదు. ఇవాళే ఏం పోయేకాలమో!"

క్లిఫ్ గోడమీదుగా చూశాడు. రెండు సిల్కు బ్లౌజులు, మేజోళ్ళు, దూరప్రయాణానికి వేసుకునే గౌను. రాన్ చొక్కా ఒక్కటీ లేదు.

ఇన్నాళ్ళూ ఆమె వీధికోసం నియమం పాటించింది. ఇవాళ ఆ అవసరం లేదు. మొగుడు తిరిగిరాడని తెలిసిన మనిషికి వీధి ఏమనుకుంటే ఏమిటి? సాయంత్రానికి ఆమె ఇక్కడ ఉండదు.

"అత్తా, ఆవిణ్ణి గడప దాటనివ్వకు. ఎలా ఆపుతావో నీ ఇష్టం."

ఫోన్ బూత్‌లోంచి క్లిఫ్ కమాండర్‌కి చెప్పాడు. "డెనీస్ అటు మనిషి. ఓడ తిరిగిరాదని ఆమెకి తెలుసు, అందులో బాంబు పెట్టుంటుంది. ఆపించండి."

అవతల కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు.

"ఓడను వెళ్ళనివ్వు. ఆపితే ఆమె గుట్టు మనకి తెలిసిందని వాళ్ళకి అర్థమవుతుంది. ఆమెను వదిలి వెంటాడితే ముఠా మొత్తం దొరుకుతుంది."

"ఇరవై మంది సార్!"

"సముద్రం ప్రమాదకరమైన చోటు, స్టాథర్స్. రేవు పోలీసులకి ఫోన్ చేస్తున్నా, నీకు మతి చలించిందని."

క్లిఫ్ ఒళ్ళు మండిపోయింది. సముద్రం ప్రమాదకరమైన చోటు. అచ్చం ఆ వాక్యమే పద్దెనిమిదేళ్ళ కిందట అతని తల్లికి లండన్ నుంచి ఉత్తరంలో వచ్చింది. తండ్రి ఓడ మంచు పేరుకుని మునిగింది. అతను బయల్దేరిన పొద్దున ఆవిడ ఒక మఫ్లర్ ఉతికింది. పోయేదాకా తన చేతుల్నే తిట్టుకుంది. ఉద్యోగంలో చేరాక క్లిఫ్ పాత ఫైలు చూశాడు. ఆ ఓడలోనూ ఒక పెట్టె ఉంది. దానికోసమే ఓడను మూడు రోజులు ఎక్కువగా మంచులో నిలబెట్టారు. తల్లికి ఆ మాట చెప్పేవాళ్ళే లేకపోయారు.

పిచ్చివాడి మాట నమ్మి పోటును వదులుకునే స్కిప్పర్, అంటే ఓడ నడిపే పెద్ద, ఈ భూమ్మీద లేడు. క్లిఫ్ మీసం పీకి పారేసి మాంసం కొట్లోకి దూరాడు.

ఎల్లా మార్గరెట్ అప్పుడే, రేవులోంచి నదిలోకి దాటించే ఇరుకు లాక్ గేటులోకి వచ్చింది. గోడకీ ఓడకీ మధ్య జానెడు దూరం. క్లిఫ్ పరుగున వచ్చి చేతిలోది డెక్ మీదికి విసిరాడు.

పంది తల.

జాలర్లకి అంతకు మించిన అపశకునం లేదు. ఆ జంతువు పేరెత్తితేనే ట్రాలర్ మీద చితకబాదుతారు. తలే వచ్చి పడితే? వలల దగ్గరున్నవాళ్ళు కెవ్వుమన్నారు. ఒకడు గోడమీదికి దూకాడు. వెనకే మరో ఆరుగురు.

"ఎవడ్రా వాడు? తోలు తీస్తా!" స్కిప్పర్ మిల్నర్ గర్జించాడు. "ఇంజన్ ఆపండి!"

ఓడ ఆగింది. ముందు చెంపదెబ్బ తిని, తర్వాత క్లిఫ్ అరిచాడు.

"రాన్! నీ పెళ్ళాం ఇవాళ నీకేమిచ్చింది?"

"కేకు డబ్బా," అన్నాడు రాన్ తెల్లబోయి. "సముద్రంలోకి వెళ్ళాక తెరవమంది."

"ఎప్పుడైనా కేకు చేసిందా?"

"దానికి గుడ్డు కొట్టడమే రాదు."

ఆ మాట అంటూనే రాన్ ముఖం రంగు మారిపోయింది. డబ్బా తెచ్చిచ్చాడు. క్లిఫ్ మూత ఎత్తాడు. తీగలు, గడియారం. పన్నెండుకి పెట్టిన ముల్లు. ఇంకా పది సెకన్లు. రేవు కొసకి పరుగెత్తి, ఉన్న బలమంతా పెట్టి నదిలోకి విసిరాడు. నీళ్ళు మేడంత ఎత్తు లేచి అందరినీ తడిపేశాయి.

క్లిఫ్ మాట్లాడాడు. పెట్టె ఎక్కడుందో, ఎవరు పెట్టారో, తన తండ్రి ఎలా పోయాడో, ఇవాళ ఫోన్‌లో కమాండర్ ఏమన్నాడో అన్నీ చెప్పాడు. దానికి జైలు శిక్ష ఉందని అతనికి తెలుసు.

స్కిప్పర్ స్వయంగా పెట్టెను ఊడబెరికి గేటు అవతల పారేశాడు. ఈలోగా కబురొచ్చింది. నెల్లీ అత్త, ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు డెనీస్‌ని బొగ్గుల గదిలో పెట్టి తలుపుకి అడ్డంగా కూర్చున్నారు.

పన్నెండుంబావుకి కారులో కమాండర్ ఫెయిర్లీ దిగాడు.

"ఈ మనిషిని అరెస్టు చేయండి! ఇది ప్రభుత్వ రహస్యం!"

ఇరవై మంది మెల్లగా అతని చుట్టూ చేరారు. రేవు పోలీసు అటు తిరిగి పైపు వెలిగించుకున్నాడు.

"రహస్యాల సంగతి తర్వాత," అన్నాడు స్కిప్పర్ మిల్నర్. "మా డెక్ మీద ఒక తల ఉంది. మావాళ్ళెవరూ ముట్టుకోరు. మీరే దాన్ని దింపి మాంసం కొట్టుకి మోసుకెళ్ళేదాకా మిమ్మల్ని వదలం."

లండన్ పెద్దమనిషి తోలు చేతిజోళ్ళతో ఆ పంది తలను పొదివి పట్టుకుని, హెజిల్ రోడ్డు ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచాడు. ఆ ఒక్క సంగతీ ఎవరూ రహస్యంగా ఉంచలేదు.