రెండు చేతులా

సోల్వెగ్ ఆ ఉదయం కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఫోను మోగిందని లేచింది, కూర్చుంది, మోగలేదేమని మళ్ళీ లేచింది. అమెరికాలోని డులూత్ నగరానికి విదేశీ నగరాలతో సంబంధాలు చూసే ఉద్యోగం ఆమెది. జపాన్‌లోని ఒక రేవు పట్టణం మేయరు, వెంట అక్కడి కంపెనీ వాళ్ళు వచ్చి ఉన్నారు. సరస్సు ఒడ్డున పాడుబడ్డ గోదాములను నగరమూ కంపెనీ కలిసి బాగుచేయాలి. ఏళ్ళ తరబడి ఆమె మోసుకొచ్చిన పనికి సంతకాలు ఇవాళే.

"కుర్చీలో ముళ్ళున్నాయా ఏంటి?" అన్నాడు భర్త వెండెల్, పెనం మీద పాన్‌కేక్ తిరగేస్తూ.

అప్పుడే కూతురు బ్రిటా వచ్చింది. నిండు గర్భిణి. గుమ్మం దగ్గర బూట్లు విడిచి, ఆయాసపడుతూ కూర్చుంది.

"అమ్మా, లాండ్రీ నుంచి బొంత తెచ్చావా? పాప తొట్టి సర్దుతున్నాను."

సోల్వెగ్ కాఫీ కప్పు దించేసింది.

ఆ బొంత సోల్వెగ్ తల్లి కుట్టింది. మంచాన పడి, వేళ్ళు వంగకపోయినా, మనవరాలికి పుట్టబోయే బిడ్డ కోసమని పాత గౌన్లూ చొక్కాలూ కత్తిరించి కుట్టింది. బిడ్డ పేరు కుట్టుకోమని ఒక మూల ఖాళీగా వదిలి కన్నుమూసింది.

"నిన్న విందులో మేయరు గారు ఉన్నట్టుండి వాళ్ళ నాన్నగారి టీ గిన్నె నా చేతిలో పెట్టారే. మా దగ్గరేమో నగరం ముద్ర వేసిన గాజు బిళ్ళ. అంతటి కానుకకి అదిస్తే అవమానించినట్టే. కారులో బొంత ఉంది..."

"ఇచ్చేశావా?"

"ఇంకోటి కుట్టిద్దాం తల్లీ."

"ఎవరు కుడతారు? అమ్మమ్మ లేచొస్తుందా?"

"ఒప్పందం చెడిపోయేదే! ఊళ్ళో ఎంతమందికి పని దొరుకుతుందో తెలుసా?"

"వాళ్ళకి వంగి వంగి రెండు చేతులా ఇస్తావు. నా పుట్టినరోజు కానుక సోఫా మీద గిరాటేసి ఎయిర్‌పోర్టుకి పరిగెడతావు!" అంది బ్రిటా. "నాకు ఇంకేం వద్దమ్మా. అదొక్కటే కావాలి."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే మరి. వెండెల్ పొయ్యి ఆపేశాడు.

"దాని కాన్పుకైనా ఊళ్ళో ఉంటావా, సోల్వెగ్?"

సోల్వెగ్ కూతురి వంక చూసింది. బొంత తిరిగి రావాలంటే మేయరునే అడగాలి. ఇచ్చిన కానుక వెనక్కి అడగడమా! తన కింద పనిచేసేవాళ్ళు ఆ పని చేస్తే ఆ క్షణమే ఇంటికి పంపేది. అల్మారాలోంచి టీ గిన్నె తీసి సంచిలో పెట్టుకుంది.

"కోటు వేసుకో, బ్రిటా. పోదాం."

సరస్సు మీంచి మంచు దట్టంగా కమ్మేసింది. దారంతా ఆమె వేళ్ళు స్టీరింగు మీద తాళం వేస్తూనే ఉన్నాయి.

హోటల్లో మేయరు ఇవసాకి టిఫిను ముగిస్తోంది. సోల్వెగ్ ఎదురుగా నిలబడి, గిన్నె బల్ల మీద పెట్టింది.

"క్షమించండి. నిన్న నాది కానిది మీకిచ్చాను. అది పుట్టబోయే నా మనవరాలిది. తిరిగి ఇమ్మని అడగడానికొచ్చాను."

ఇవసాకి బ్రిటా పొట్ట వంక చూసి, లేచి వెళ్ళిపోయింది. అయిపోయింది, అంతా మునిగింది అనుకుంది సోల్వెగ్. కాసేపటికి ఆ పెద్దావిడ బొంతతో తిరిగొచ్చింది.

"మూల ఖాళీగా ఉండటం రాత్రే చూశాను. ఎవరి పేరుకోసమో అట్టిపెట్టారని తెలుస్తూనే ఉంది. తిప్పి పంపితే మీకు అవమానం, ఉంచుకుంటే నాకు పాపం. నిద్ర పట్టలేదు. మీరే అడిగి నన్ను గట్టెక్కించారు. గిన్నె మాత్రం మీదే."

"మరి... సంతకాలు?"

"సంతకాల హాల్లో కాచుకున్నది అందరూ మగవాళ్ళేగా. వాళ్ళని కాసేపు కూర్చోనివ్వండి, మనం వెళ్ళాకే సంతకాలు."

సోల్వెగ్ సంచిలో ఫోను మోగుతోంది. ఆమె చూడలేదు. కూతురి వైపు తిరిగి, తల వంచి, రెండు చేతులా బొంత అందించింది.

బ్రిటా రెండు చేతులా అందుకుని, అందులో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"పేరు నువ్వే కుట్టాలమ్మా."

"నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదే!"

"నేర్చుకో. పాప వచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళడం లేదుగా?"

"లేదు," అంది సోల్వెగ్, కళ్ళు తుడుచుకుంటూ, కూతురి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని.