ఆపరేషన్ ఖాళీ గడి

జైపాల్‌ను గుద్దిన లారీకి నంబర్ ప్లేట్ లేదు.

కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద, పట్టపగలు, పసుపు బస్తాల ట్రాక్టర్ల మధ్య నుంచి దూసుకొచ్చింది. అతని బైక్‌ను పొలంలోకి విసిరేసి, బ్రేకైనా వేయకుండా వెళ్లిపోయింది. జైపాల్ అక్కడికక్కడే చనిపోయాడు. చూసినవాళ్లు యాక్సిడెంట్ అనుకున్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. జగిత్యాలలో ఓ విత్తనాల దుకాణం వెనక గదిలో కూర్చున్న నర్సింగం మాత్రం అలా అనుకోలేదు. విత్తనాల సంగతి ఆయనకేమీ తెలియదు. ఆయన ఒక రహస్య భద్రతా విభాగానికి ఆ ప్రాంతపు చీఫ్. జైపాల్ ఆయన ఏజెంట్.

కబురందగానే వందన వచ్చింది. ఏజెంట్ కాకముందు ఆమె స్టాటిస్టిక్స్ చదివి, ఓ రీసెర్చ్ సంస్థలో కోడ్ రాసేది. జైపాల్‌కు ఆ పని నేర్పింది ఆమే. ఏడవడానికి ఇది సమయం కాదని తనకు తానే చెప్పుకుని కుర్చీ లాక్కుంది.

నర్సింగం బ్రీఫింగ్ సూటిగా సాగింది. ‘ఆర్కిడ్’ అనే విదేశీ ముఠా ఓ కంపెనీ ముసుగు వేసుకుని సిరిసిల్లకు కొత్త గంజి పొడి తెచ్చింది. సైజింగ్ యూనిట్లలో నూలుకు పట్టించే గంజి అది. దానిలో నరాలను తినేసే రసాయనం ఉందని అనుమానం. త్వరలో సిరిసిల్ల మరమగ్గాల మీద సరిహద్దు జవాన్ల యూనిఫాం బట్ట నేయబోతున్నారు. ఆ బట్టకు చెమట తగిలితే రసాయనం చర్మంలోకి దిగుతుంది. జవాను తుపాకీ పట్టలేడు. ల్యాబ్‌కు అందిన శాంపిళ్లన్నీ మంచి గంజివే కాబట్టి అక్కడ ఏమీ తేలలేదు. కొన్ని యూనిట్లలో పాత గంజి, కొన్నింటిలో కొత్త గంజి వాడించి, కంపెనీ చేతిలో ఉన్న కోరుట్ల ఫౌండేషన్ ఒకటి ఆ యూనిట్ల కార్మికులకు ఆరోగ్య పరీక్షలు చేసింది. జైపాల్ అందులో డేటా ఎనలిస్టుగా చేరాడు. హాని ఏమీ లేదని మొదటి రిపోర్ట్ పంపాడు. దాన్ని నమ్మి నర్సింగం తమకు అభ్యంతరం లేదని, గంజికి అనుమతి ఇచ్చే నిపుణుల కమిటీకి లేఖ రాసేశాడు.

“ఇయ్యాల పొద్దున ఫోన్ చేసిండు,” అన్నాడు నర్సింగం. “నా రిపోర్ట్ నమ్మకుండ్రి సార్, లెక్కలకెళ్లి మనుషులు రాలిపోతున్నరు అన్నడు. గంతే. ఫోన్ కట్టయింది.”

మర్నాడు సిరిసిల్లలో కమిటీ ముందు జైపాల్ లెక్క కట్టిన కంప్యూటర్ కోడ్‌ను మళ్లీ నడుపుతారు. ఫలితం క్లీన్‌గా వస్తే, రహస్యంగా దాచిన పొడి డ్రమ్ముల ఎలక్ట్రానిక్ తాళాలకు కంప్యూటర్ నుంచే తెరిచే కోడ్ వెళ్తుంది, పొడి యూనిట్లకు చేరుతుంది. నిజాయితీకి గుర్తుగా ఆ ఏర్పాటు చేశామని కంపెనీ గొప్పగా చెప్పుకుంటోంది. డ్రమ్ములు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

“రుజువు లేకుండ నా లేఖ వాపస్ తీసుకుంటే కమిటీ ఇనదు. కోరుట్ల ఫౌండేషన్‌కు నువ్వే పోవాలె,” అన్నాడు. “ఆడ సంగీత ఉంటది. ఆమె మనామె. ఆర్కిడ్ కూడ ఆమె మాదే అనుకుంటది. గీ రెండిట్ల ఏది నిజమో నాకు కూడ పక్కా తెల్వది,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం కోరుట్లలో ఫౌండేషన్ ఆఫీసు మెట్లెక్కింది వందన కాదు, ఏజెన్సీ పంపిన డేటా ఆపరేటర్ వసంత. నూనె పెట్టి బిగించిన జడ, వెలిసిపోయిన చున్నీ, దళసరి కళ్లద్దాలు. ఆ కళ్లద్దాల్లోని కెమెరా ఆమె చూసేదంతా జగిత్యాలకు పంపుతుంది. జడ క్లిప్పులోంచి నర్సింగం గొంతు వినిపిస్తుంది.

సంగీత కంటే ముందు ఆమె సెంటు వాసన వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, తల మీదికి తోసిన నల్లద్దాలు, ఎవరినీ పూర్తిగా చూడని చూపు.

“ఇక్కడ మక్కల రేటు ఎంతున్నది మేడం?” అని అడిగింది వందన.

“మక్కలు కాదు, పసుపు అడుగు,” అంది సంగీత. సంకేతం సరిపోయింది. ఆమె పెదవి మీద నవ్వు మాత్రం వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

జైపాల్ సీట్లోనే కూర్చోబెట్టారు. ఇంటర్నెట్ లేని సిస్టమ్. డేటా, కోడ్ అందులోనే ఉన్నాయి.

కోడ్ చిన్నదే. ఒక లూప్. ఊపిరి, చూపు, నిద్ర, చేతి పట్టు, చేతి వణుకు, నడక. ఒక్కో లక్షణాన్నీ తీసుకుని, దానికీ కొత్త గంజికీ సంబంధం ఉందా అని ఒక్కో రిగ్రెషన్ నడుపుతుంది. ఒకటి కాగానే ఇంకొకటి. చివరికి స్క్రీన్ మీద వరసగా ఆకుపచ్చ గుర్తులు: ప్రభావం లేదు, ప్రభావం లేదు. వందన రెండుసార్లు నడిపి చూసింది. ఎవరూ అంకెలు మార్చలేదు. సూత్రం తప్పలేదు. మోసం కనబడితే ఆమెకు కాస్త ధైర్యం వచ్చేది. ఏమీ కనబడకపోవడమే ఆమెను భయపెట్టింది.

మనుషులు రాలిపోతున్నరు అన్నాడు జైపాల్.

లూప్‌లోకి ఒక్క లైను చేర్చింది. ప్రతి రిగ్రెషన్‌లో చివరికి ఎంతమంది మిగిలారో చూపించమంది. ఊపిరి దగ్గర అందరూ ఉన్నారు. చూపు, నిద్ర దగ్గరా అందరూ ఉన్నారు. చేతి పట్టు దగ్గర సగానికి సగం లేరు. వణుకు దగ్గరా అంతే.

సాఫ్ట్‌వేర్‌కు ఓ అలవాటుంది. ఒక మనిషి వరసలో ఆ లెక్కకు కావలసిన గడి ఖాళీగా ఉంటే ఆ మనిషినే పక్కన పెట్టేసి, మిగిలినవాళ్లతో లెక్క ముగిస్తుంది. అడగదు, చెప్పదు. లూప్‌లో ప్రతి మలుపులోనూ ఒక్కో గుంపు మాయమవుతుంది. ఫలితాలు మాత్రం అందరివీ ఒకటే అన్నట్టు పక్కపక్కనే నిలబడతాయి.

“ఖాళీలల్ల సగటు పెట్టి నింపరాదా?” అన్నాడు క్లిప్పులోంచి నర్సింగం.

“సగటు పెడితే వణికే చేతిని మంచి చెయ్యి అని రాసినట్టే సార్,” అని గొణిగింది వందన.

నింపే బదులు లెక్కను తిరగేసింది. గడి ఖాళీగా ఉండటాన్నే ఒక లక్షణంగా పెట్టి, కొత్త గంజికీ దానికీ సంబంధం చూసింది. ఈసారి గుర్తు ఎర్రగా వెలిగింది. ఖాళీలన్నీ దాదాపు కొత్త గంజి యూనిట్లవే. ఎందుకు ఖాళీ అయ్యాయన్నది మాత్రం కంప్యూటర్ చెప్పలేదు. అది మనిషిని అడగాలి. ఒక ఖాళీ వరస పక్కనున్న ఇంటి అడ్రస్ గుర్తుపెట్టుకుని, తలనొప్పి అని చెప్పి బయటపడి సిరిసిల్ల బస్సెక్కింది.

సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకు ఆ వీధిలో మాట మాటకూ గొంతు పెంచాలి. మార్కండేయులు ఇంట్లో మంచం మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అలవాటేమో అనుకుంది. భార్య నర్సక్క చాయ్ తెచ్చి, గ్లాసు అతని చేతికివ్వకుండా తనే తాగించింది. అప్పుడు అర్థమైంది వందనకు.

ఫౌండేషన్ వాళ్లు వచ్చారా అని అడిగింది.

“అచ్చిండ్రు బిడ్డా,” అంది నర్సక్క. “గా మిషిన్ గట్టిగ పట్టుమన్నరు. ఈయనకు పట్టరాలే. కింద పడ్డది. పక్కకు కూసో అన్నరు. ఏం రాసుకోలే, పోయిండ్రు.”

“మీ తీరుగ ఇంకా ఎవరన్న ఉన్నరా అక్కా?”

“గీ వాడకట్టులనే శానమంది. కొందరు గంభీరావుపేట దిక్కు, వీర్నపల్లి దిక్కు సొంతూళ్లకు పోయిండ్రు. పని చాతనైత లేదాయె.”

వందన లేచేటప్పుడు మార్కండేయులు దండం పెట్టబోయి చేతులు పైకి తీశాడు. అవి ఒకదాన్నొకటి అందుకోలేకపోయాయి. అతను సిగ్గుపడి వాటిని మళ్లీ తొడల కింద దాచుకున్నాడు. బస్సు కిటికీ పక్కన కూర్చున్నా ఆ చేతులే ఆమె కళ్ల ముందు ఆడాయి.

మర్నాడు పొద్దున్నే కోరుట్ల ఆఫీసులో కూర్చుని కోడ్‌లో ఆ అలవాటును మార్చేసింది. ఖాళీ కనబడితే దాటేయకు, అక్కడే ఆగు. చిన్న ఆదేశం. సేవ్ చేసి తల తిప్పేసరికి సంగీత వెనకే నిలబడి ఉంది. ఆమె పైట చాటున పిస్టల్.

సంగీత వందన కళ్లద్దాలు తీసి హైహీల్ కింద నలిపింది. జడ క్లిప్పు లాగి కిటికీలోంచి పారేసింది. కోడ్‌లోని ఆ లైనును వందన చూస్తుండగానే చెరిపేసింది.

“సిరిసిల్లలో ఆపరేటర్‌గా నా పక్కన కూసుంటవు,” అంది. “నోరు తెరిస్తే నర్సక్క ఇంటిముందు మా మనిషి ఉన్నడు.”

కారులో దారి పొడుగునా వందన ఒక్కటే ఆలోచించింది: జైపాల్ కూడా ఈమెనే నమ్మాడా? ముందు సీట్లో సంగీత, కోడ్ ఎక్కించుకున్న ల్యాప్‌టాప్ తెరిచి పెదవులకు రంగు సరిచేసుకుంటూ ఏదో టైప్ చేసింది. స్క్రీన్ అవతలి వైపు ఉంది.

హాలు నిండా కోట్లు, ఫైళ్లు, కొబ్బరినీళ్ల గ్లాసులు. కమిటీ ముందు వరసలో ఉంది. అందరూ ‘డాక్టర్’ అని పిలిచే ఆర్కిడ్ నాయకుడు, తెల్ల జుట్టు విదేశీయుడు, వందన పక్కన కూర్చుని మర్యాదగా నవ్వాడు. నడపమన్నట్టు తల ఊపాడు.

వందన చేయి కదల్లేదు. నడిపితే డ్రమ్ములు తెరుచుకుంటాయి. నడపకపోతే నర్సక్క. సంగీత పిస్టల్ ఆమె నడుముకు గట్టిగా తగిలింది.

ఎంటర్ నొక్కింది.

పెద్ద తెర మీద లూప్ మొదలైంది. ఊపిరి: ఆకుపచ్చ. చూపు: ఆకుపచ్చ. నిద్ర: ఆకుపచ్చ. డాక్టర్ వాచీ సరిచేసుకున్నాడు. తాళాల కోడ్ తెర మూలన సిద్ధమవుతోంది. చేతి పట్టు దగ్గరికి వచ్చింది.

తెర ఎర్రబడి ఆగిపోయింది. ‘ఖాళీలు ఉన్నాయి. లెక్క నడవదు.’

ఈ గడులు ఎందుకు ఖాళీ అని కమిటీలోని పెద్దామె అడిగింది. వందన సంగీత వైపు చూసింది. ఇందాకటిదాకా నడుముకు తగిలిన పిస్టల్ అక్కడ లేదు.

“చేతులు వణికి మిషిన్ పట్టలేనోళ్లవి మేడం,” అంది వందన. “జబ్బు వచ్చినోళ్లను తీసేసి, మిగిలినోళ్లకు జబ్బు లేదని చూపెడుతున్నరు.”

డాక్టర్ జేబులోంచి ఫోన్ తీశాడు. తాళాలు ఆ ఫోన్ నుంచి కూడా తెరిచే దారి అతనికి ఉంది. బొటనవేలు అద్దం మీదికి దిగేలోగా సంగీత పిస్టల్ అతని మణికట్టును బల్లకేసి నొక్కింది. ఫోన్ కింద పడి జారింది. దాన్ని అందుకుని వందన బ్యాటరీ ఊడబీకేదాకా వదల్లేదు.

నర్సక్క ఇంటిముందు మనిషిని పొద్దున్నే నర్సింగం మనుషులు పట్టుకున్నారని, వాళ్లకు కబురు పెట్టింది తనేనని సంగీత బయట మెట్ల మీద చెప్పింది. ఆఫీసులో ఆర్కిడ్ కెమెరా ఉంది కాబట్టి అందరికీ కనబడేలా లైను చెరిపి, కారులో మళ్లీ రాసింది.

వందన కృతజ్ఞతలు చెప్పబోయింది.

“చెప్పకు,” అంది సంగీత. నల్లద్దాలు దించుకుంది. “జైపాల్ పేరు డాక్టర్‌కు చెప్పింది నేనే. జైపాల్ చేసిన ఫోన్ వాళ్లు విన్నరు. ఎవడు వీడు అని నన్నే అడిగిండ్రు. నేను చెప్పకుంటే నేను కూడ పోతుంటి. అప్పుడు ఇయ్యాల గా లైను రాసేటోళ్లు ఉండకపోదురు.”

ఆ లెక్క సరైనదే కావచ్చు. వందన దాన్ని ఎటు తిప్పి చూసినా జైపాల్ మాత్రం తిరిగి రాలేదు. ఆమె మెట్లు దిగింది.

డాక్టర్ ల్యాప్‌టాప్ పట్టించిన జాడతో డ్రమ్ములన్నీ సాయంత్రానికి దొరికాయి. నర్సింగం తన లేఖ వెనక్కి తీసుకుని, ఎందుకు తీసుకున్నాడో సంతకంతో సహా ఒప్పుకున్నాడు. మార్కండేయులునూ మిగతావాళ్లనూ హైదరాబాద్ ఆసుపత్రికి పంపారు. కొందరికి పట్టు తిరిగి రావచ్చన్నారు వైద్యులు. ఎందరికన్నది చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఢిల్లీ నుంచి రెండు కవర్లు జగిత్యాల చేరాయి. ఒకదానిలో సంగీతకు ప్రకటించిన సాహస పతకం. రెండోదానిలో జైపాల్ హత్య కేసులో ఆమె అరెస్టు వారెంటు. నర్సింగం రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాడు.

“ఏది ముందు ఇయ్యాలె వందనా?”

“పతకమే సార్,” అంది వందన. “బేడీలు పడ్డంక అందుకునుడు కష్టం.”